నీలం సీలింగు

ఆ ఉదయం బువాచన్ మిరపకాయలు కాల్చి పచ్చడి నూరింది. వెదురు బుట్టలోంచి వేడి వేడి జిగురన్నం తీసి, చేతిలో ముద్ద చేసి, పచ్చడిలో అద్దబోతుండగా పైనుంచి గోరంత నీలం పెచ్చు ఒకటి రాలి సరిగ్గా గిన్నె మధ్యలో పడింది. ఆమె దాన్ని చూసింది. తల ఎత్తి సీలింగును చూసింది. తర్వాత ఎదురుగా కూర్చుని తాపీగా తింటున్న మొగుణ్ణి చూసింది.

"పొద్దుటినుంచి ఇది మూడోది," అంది.

ఖమ్‌లూ తల ఎత్తలేదు. "తీసి పారెయ్. పచ్చడికేం కాదు."

"పచ్చడికేం కాదులే, నాకే అవుతుంది. పంతొమ్మిదేళ్ళుగా ఈ రంగు తింటున్నాను. రేపు నన్ను కాలిస్తే నీలం పొగ వస్తుంది. ఊరంతా వింతగా చూస్తారు."

"చూడనీ. ఉన్నన్నాళ్ళు నిన్నెవరూ చూడలేదని ఏడ్చేదానివిగా."

ఆ సీలింగు సంగతి వస్తే బువాచన్‌కి ఒళ్ళు మండుతుంది. అది ఆమె తండ్రి వేసిన సీలింగు. హాలు పొడవునా టేకు పలకలు, ఒకదాని నాలుక మరొకదాని గాడిలో దూరి, మేకు కనబడకుండా బిగించినవి. ప్రతి పలకనూ ఆయన సొంత చేతులతో చిత్రిక పట్టాడు. ఆ చిత్రిక బ్లేడుకి ఒక మూల చిన్న నొక్కు ఉండేది. అందుకని ప్రతి పలకకీ అంచు వెంట వెంట్రుకంత సన్నని గీత ఉబ్బెత్తుగా మిగిలింది. చిన్నప్పుడు బువాచన్ చాప మీద వెల్లకిలా పడుకుని ఆ గీతలు లెక్కపెడుతూ నిద్రపోయేది.

అటువంటి సీలింగుకి ఖమ్‌లూ రంగు వేశాడు. అతను స్వయంగా వడ్రంగి. యోమ్ నది ఒడ్డున ఆ ఊళ్ళో టేకు ఇళ్ళకి ఏ మరమ్మతు వచ్చినా అతన్నే పిలిచేవారు. టేకు మీద రంగు వెయ్యడమంటే పట్టుచీరకి సున్నం కొట్టడమేనని నలుగురిలో చెప్పేవాడు కూడా. పంతొమ్మిదేళ్ళ కిందట బువాచన్ తల్లి కాలుజారి పడి తుంటి ఎముక విరిగితే, లంపాంగ్ ఆసుపత్రిలో ఆమె పక్కన బువాచన్ పన్నెండు రోజులు ఉండాల్సి వచ్చింది. తిరిగి వచ్చేసరికి హాలు సీలింగు మొత్తం మంగలి షాపులాగా నీలంగా మెరుస్తోంది. ఎందుకు వేశావంటే, "దోమలు రావు," అన్నాడు. దోమలు ఎప్పటిలాగే వచ్చాయి.

ఇంకొకరయితే ఇల్లు నాది, నా ఇష్టం అనేవారు. ఖమ్‌లూకి ఆ మాట అనే వీలు లేదు. ఇల్లు బువాచన్‌ది. అంతకుముందు ఆమె తల్లిది, ఆమె తల్లి తల్లిది. ఆ ఊళ్ళో మగవాళ్ళందరూ ఇల్లరికపు అల్లుళ్ళే కాబట్టి ఒకరినొకరు ఎత్తిపొడుచుకోవడానికి మాత్రం లేదు.

పెచ్చును వేలితో తీసి అవతల పడేసి బువాచన్ చేతులు కడుక్కుంది. "వచ్చే నెల పెద్దలకి పెట్టుకోవాలి. హాలు మూలనున్న పెద్దల అర ముందు పళ్ళెం పెడితే అందులో పెచ్చులు రాలతాయి. నేను తింటే తిన్నాను, పెద్దలకి రంగు తినిపించలేను. సీలింగు గీకిస్తున్నాను."

ఖమ్‌లూ చేతిలో ముద్ద ఆగిపోయింది. "గీకించడమా? ఎవరితో?"

"మానిత్‌తో."

ఆ పేరు ఆ హాల్లో పలికి పంతొమ్మిదేళ్ళయింది. ఖమ్‌లూకి పొలమారింది. నీళ్ళు తాగాడు, ఇంకా దగ్గాడు. మరిన్ని నీళ్ళు తాగాడు. అన్నీ అయ్యాక అడిగిన ప్రశ్న బువాచన్ ఊహించనిది.

"మొత్తం గీకుతాడా? లేకపోతే మెట్ల వైపు మాత్రమేనా?"

"సగం గీకించడానికి అదేమన్నా నీ గడ్డమా?" అంది బువాచన్.

ఈ మానిత్ ఎవరంటే వాళ్ళ అల్లుడే. అల్లుడని ఇంట్లో ఎవరూ అనరు గానీ. గుడి తలుపులకి వార్నిష్ వెయ్యడానికి పక్క ఊరినుంచి వచ్చి, తలుపులు పూర్తయ్యేలోపు వాళ్ళ ఒక్కగానొక్క కూతురు పికున్‌ని తీసుకుని వెళ్ళిపోయాడు. ప్రేమించడం తప్పు కాదు. అరలోని పెద్దలకి చెప్పకుండా పిల్ల చెయ్యి పట్టుకోవడం తప్పు. దానికీ మందు ఉంది. మగపిల్లవాడి వాళ్ళు ఉడికించిన కోడి, సారా సీసా, పూలు పట్టుకొచ్చి పెద్దల అర ముందు పెట్టి తప్పు ఒప్పుకుంటే అరగంటలో తేలిపోతుంది. మానిత్ వాళ్ళు కోడి పట్టుకుని వచ్చారు కూడా. బువాచన్ తల్లి ఆ కోడిని మెట్ల మీదినుంచే వెనక్కి పంపించేసింది. మనవరాలు పారిపోయిన అవమానంలో ఆవిడకి కోపం నెత్తికెక్కింది. అందరి ముందూ ఖమ్‌లూని నిలబెట్టి మాట తీసుకుంది, తండ్రిగా అతనే పెద్దల ముందు నోరు విప్పేదాకా ఆ పిల్ల ఈ మెట్లెక్కకూడదని. ఖమ్‌లూ సరేనన్నాడు.

ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. ఖమ్‌లూ ఇప్పటికీ నోరు విప్పలేదు. బువాచన్ అడిగినప్పుడల్లా "చూద్దాంలే" అంటాడు. కూతురూ అల్లుడూ మనవరాలూ వీధి చివర కనబడితే వెనక మెట్లు దిగి స్తంభాల మీద నిలిచిన ఇంటికింద ఉన్న తన పనిపాకలోకి వెళ్ళిపోతాడు. మనవరాలు ఫాయ్‌కి పద్దెనిమిది నిండాయి. ఈ ఏడు పెద్దలకి పెట్టేటప్పుడు ఆడపిల్లల వరసలో అదీ కూర్చోవాలి. కూర్చోకపోతే బువాచన్ తర్వాత ఆ అరలో దీపం పెట్టే చెయ్యి ఉండదు. ఆమె దిగులల్లా అదే. కూతురు మెట్లెక్కాలంటే మొగుడు నోరు విప్పాలి. మొగుడు నోరు విప్పాలంటే ఏదో ఒకటి కదపాలి. పనివాడిగా వస్తే పెద్దలకి అభ్యంతరం ఉండదని తనకి తనే తీర్పు చెప్పుకుని అల్లుడికి కబురు పెట్టింది.

మానిత్ సోమవారం పొద్దున్నే వచ్చాడు. నలభై దాటిన మనిషి. తక్కువ మాట్లాడతాడు. మెట్ల కింద తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుని పైకి వచ్చి రెండు చేతులూ జోడించి, "దణ్ణమండీ మావయ్య గారూ," అన్నాడు. ఖమ్‌లూ సీలింగు వైపు చూసి, పెద్దల అర ఉన్న మూలకేసి చూసి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

"నిన్ను చూసి కాదులే నాయనా, మోకాళ్ళ నొప్పులు," అంది బువాచన్.

"మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు అంత గబగబా దిగరు అత్తయ్యా," అన్నాడు మానిత్ నవ్వుతూ.

హాలంతా ప్లాస్టిక్ పట్టాలు పరిచి, పరంజా కట్టి, ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుని పని మొదలుపెట్టాడు. రంగు ఊడే మందు బ్రష్షుతో రాస్తాడు. నీలం రంగు ముడతలు పడి, అట్టులా పైకి లేస్తుంది. అప్పుడు గీకే రేకుతో చెక్క నార వెంటే నెమ్మదిగా లాగుతాడు, అడ్డంగా ఒక్కసారి కూడా లాగడు. గాడుల్లో ఇరుక్కున్న రంగుని వెదురు పుల్ల చెక్కి దాంతో తీస్తాడు. ఇనుప మొన పెడితే టేకు గీరుకుపోతుందట. తర్వాత ఉప్పు కాగితం, గరుకుది ముందు, నున్ననిది వెనక. తల వెనక్కి వాల్చి రెండు చేతులూ పైకెత్తి పొద్దస్తమానం చేసే పని అది. గంటకోసారి కిందికి దిగి మెడ పట్టుకుని అటూ ఇటూ తిప్పుకునేవాడు.

మొదటి రోజు సాయంత్రానికి నాలుగు పలకలు బయటపడ్డాయి. తేనె రంగులో, పంతొమ్మిదేళ్ళు దుప్పటి కింద నిద్రపోయి లేచినట్టు ఉన్నాయి. బువాచన్ కింద నిలబడి కళ్ళు చికిలించి చూసింది.

"గీత ఉందా నాయనా? అంచున?"

మానిత్ బొటనవేలితో తడిమాడు. ఒక్క క్షణం అతని చెయ్యి అక్కడే ఆగింది. "ఉందత్తయ్యా. దీన్ని పోనివ్వకుండా కాగితం పడతాను."

"అది మా నాన్న చిత్రికది. బ్లేడు మార్చుకోమంటే ఈ గీత చూసి దొంగెత్తుకుపోయిన నా పలక నేను పట్టుకుంటా అనేవాడు."

మానిత్ ఆ గీత మీద మళ్ళీ ఒకసారి వేలు నడిపి, దిగి వచ్చి సామాను సర్దుకున్నాడు.

మధ్యాహ్నాలు పికున్ భోజనం తెచ్చేది. మెట్ల మొదట్లో తొట్టి దగ్గర నిలబడి క్యారేజీ పైకి అందించేది. అడుగు మాత్రం మెట్టు మీద వెయ్యదు. తల్లి నాలుగు మెట్లు దిగి కూర్చుంటే, కూతురు కింద నిలబడే మాట్లాడేది. అలా మాట్లాడుకోవడం వాళ్ళకి ఈ నాలుగేళ్ళుగా అలవాటే. ముసలావిడ ఉన్న రోజుల్లో అదీ లేదు.

"ఫాయ్ ఏమంటోంది?"

"నర్సింగు కాలేజీలో సీటొచ్చింది. వచ్చే నెల వెళ్ళిపోతుంది." పికున్ తొట్టిలో నీళ్ళు దోసిట్లోకి తీసుకుని మళ్ళీ వదిలేసింది. "నాన్న ఎక్కడ?"

"నా కాళ్ళకిందే ఉన్నాడు. ఉలి చప్పుడు వినబడటంలా?"

అప్పటికే ఇంటికింద ఉలి చప్పుడు ఆగిపోయింది.

"వినబడటం లేదు," అంది పికున్.

గురువారం మధ్యాహ్నానికి హాల్లో మూడొంతులు పూర్తయింది. పెద్దల అర వైపు మూల ఒక్కటే నీలంగా మిగిలింది. బువాచన్ వంటింట్లో ఉంది. గీకే చప్పుడు ఆగి చాలాసేపయిందని గమనించి హాల్లోకి వచ్చింది. మానిత్ పరంజా దిగి ఉన్నాడు. కిటికీ దగ్గర నిలబడి, గుడ్డతో చేతులు తుడుస్తున్నాడు. అవి ఎప్పుడో శుభ్రమైపోయాయి, అయినా తుడుస్తూనే ఉన్నాడు.

"ఏం నాయనా, మందు అయిపోయిందా?"

"అత్తయ్యా," అన్నాడు అతను చేతులకేసి చూస్తూ. "మిగిలిన ఆ మూల అలాగే ఉంచేద్దాం. పెచ్చులు గీకేసి, లప్పం పెట్టి, మళ్ళీ నీలం వేసేస్తాను. రాలదు."

"ఏం మాటలవి? సగం టేకూ సగం మంగలి షాపూనా?"

"బాగానే ఉంటుంది. వేరే రంగు కావాలంటే..."

"మీ మావయ్య ఏమన్నా అన్నాడా?"

"లేదండీ."

ఆ "లేదండీ" మెట్ల కిందికి వినబడింది. పికున్ అప్పుడే క్యారేజీతో వచ్చి నిలబడింది. ఇంతకాలం తండ్రి మాట్లాడకపోతే ఓర్చుకుంది. మనవరాలి మొహం చూడకపోయినా ఓర్చుకుంది. కానీ మొగుడు మెడ పట్టేసి రాత్రంతా మూలుగుతూ, తెల్లారేసరికి మళ్ళీ ఈ ఇంటికే వస్తుంటే ఆమె నాలుగు రోజులుగా చూస్తోంది. క్యారేజీ తొట్టి గట్టు మీద ఠపీమని పెట్టింది.

"నాన్నా! నువ్వు అక్కడే ఉన్నావని తెలుసు. విను. నన్ను చూడొద్దు, సరే. నా కూతుర్ని చూడొద్దు, సరే. ఆయన చేతి పని ఏం పాపం చేసింది? రంగు వేసేవాడు ముట్టుకుంటే మీ టేకు మైలపడుతుందా?"

"పికున్, నువ్వు ఊరుకో," అన్నాడు మానిత్ కిటికీలోంచి. "నీకు తెలీదు."

"ఏం తెలీదు? పంతొమ్మిదేళ్ళుగా తెలిసిందే కదా! సామాను సర్దండి, పోదాం. అమ్మా, ఈసారి పోతే మళ్ళీ రాను. వచ్చే నెల ఫాయ్‌నీ పంపను. మీ పెద్దలు మీ ఇంట్లోనే ఉండనీండి. మమ్మల్ని వద్దన్న గుమ్మానికి నా బిడ్డ చేత దణ్ణం పెట్టించను."

ఇంటికింద ఖమ్‌లూ పనిపాకలో చడీచప్పుడూ లేదు. బువాచన్‌కి అర్థమైంది. ఇన్నాళ్ళూ ఏదో ఒక రోజు, ఏదో ఒక రోజు అనుకుంటూ దాచుకున్నది చేజారిపోతోంది. అల్లుడి మొహం చూసింది. కోపం లేదు అందులో. అవమానం లేదు. ఎవరి గుట్టో కాపాడుతున్నవాడి మొహం అది. అతని చూపు తప్పించుకుని పైకి, ఆ మూలకి పోయి మళ్ళీ కిందికి వచ్చేసింది.

బువాచన్ ఇక ఆగలేదు. చీర కుచ్చెళ్ళు ఎత్తికట్టినట్టు లుంగీ అంచు పైకి దోపుకుని, అరవై ఎనిమిదేళ్ళ వయసులో, పరంజా ఎక్కడం మొదలుపెట్టింది.

"అత్తయ్యా! వద్దండీ! ఆ కర్ర కదులుతుంది!"

"కదిలితే పట్టుకో."

పైకి చేరి, వెదురు పట్టుకుని నిలదొక్కుకుని, బొటనవేలు చాచి టేకు పలక అంచు తడిమింది. గీత తగిలింది. పక్క పలక, గీత ఉంది. నీలం రంగు మొదలైన చోట వేలు పెట్టింది. నున్నగా ఉంది. ఇంకొకటి, అదీ నున్నగానే ఉంది. ఎనిమిది పలకలు వేలితో లెక్కపెట్టింది. ఒక్కదానికీ గీత లేదు. మానిత్ వదిలేసిన చోట రేకంత మేర రంగు ఊడి ఉంది. అక్కడ చెక్క పాలిపోయిన పసుపు రంగులో, అక్కడక్కడా బూడిద చారలతో కనబడింది. ముక్కు దగ్గర పెట్టుకోనక్కర్లేదు. ఆ చెక్క ఆమెకి తెలుసు. పెరట్లో ఆమె పెళ్ళినాడు నాటిన మామిడి చెట్టు. పికున్ వెళ్ళిపోయిన ఏడు, పురుగు పట్టిందని చెప్పి ఖమ్‌లూ కొట్టేశాడు.

"ఖమ్‌లూ!" అంది. ఆ కేకకి పక్కింటి కుక్క మొరిగింది. "పైకి రా!"

వెనక మెట్లు నెమ్మదిగా, ఒక్కొక్కటీ మూలిగాయి. ఖమ్‌లూ గుమ్మంలోకి వచ్చి, భార్య ఎక్కడుందో చూసి, గబగబా వచ్చి పరంజా కాలు పట్టుకున్నాడు. రెండో కాలు అప్పటికే మానిత్ పట్టుకుని ఉన్నాడు. మావా అల్లుళ్ళు ఒక చోట నిలబడటం అదే మొదటిసారి.

"దిగవే, పడతావు."

"మా నాన్న టేకు పలకలు ఎనిమిది ఏవి? చెప్పేదాకా దిగను."

"ముందు దిగు."

"ఏవి?"

ఖమ్‌లూ నేలకేసి చూశాడు. "అమ్మేశాను," అన్నాడు. "తాగాను. అప్పట్లో తాగేవాణ్ణిగా."

"నువ్వు గ్లాసుడు సారా తాగితే మూడు రోజులు పడుకుంటావు. ఎనిమిది టేకు పలకలు తాగావా?"

"మావయ్య గారూ," అన్నాడు మానిత్ నెమ్మదిగా. "ఇక వద్దండి." భార్య వినాలని కాబోలు కిటికీ వైపు తిరిగి గొంతు పెంచాడు. "అవి మా ఇంట్లో ఉన్నాయత్తయ్యా. పికున్ పురిటి మంచం. నెలలు నిండిన రోజుల్లో గుడినుంచి వచ్చింది, ఎవరో దాత ఇచ్చారని పెద్ద భిక్షువు పంపించారు. ఎవరని అడిగితే చెప్పలేదు. రెండుసార్లు ఆ మంచానికి నూనె పట్టించాను. ప్రతి పలక అడుగునా ఇదే గీత. మొదటి రోజు ఇక్కడ వేలు పెట్టగానే నాకు అనుమానం వచ్చింది. ఇవాళ ఈ మూలకి వచ్చాక రూఢి అయింది."

బువాచన్ పరంజా మీద అలాగే కూర్చుండిపోయింది. కాళ్ళు వేలాడుతున్నాయి.

"మామిడి చెట్టు మంచానికే కొట్టావా?" అంది.

"మంచానికే," అన్నాడు ఖమ్‌లూ. "కోయించి, ఆరబెట్టి, చిత్రిక కూడా పట్టాను. అప్పుడు అనిపించింది. మామిడికి పురుగు పడుతుందే బువా. నాలుగేళ్ళలో పొడి రాలుతుంది. పసిబిడ్డ పడుకునే మంచం అది. కళ్ళల్లో పడదూ? టేకు కొందామంటే ఊళ్ళో ఎవరి దగ్గర కొన్నా సాయంత్రానికి మీ అమ్మ చెవిన పడుతుంది. మీరేమో లంపాంగ్‌లో ఉన్నారు. తల ఎత్తి చూశాను. ఇంత టేకు నెత్తిమీదే ఉంది. మంచిది పిల్లకి పంపించి, పురుగు పట్టేది మనకి పెట్టుకున్నాను. రంగు తేడా కనబడుతుందని మొత్తం నీలం కొట్టేశాను."

"దోమలు రావన్నావు!"

"ఇంకేమనను?"

"సరే, అప్పుడు మా అమ్మకి భయపడ్డావు. ఆవిడ పోయి నాలుగేళ్ళయిందిగా. పికున్ తప్పు పెద్దలకి చెప్పి, రమ్మనడానికి నీకేం అడ్డం వచ్చింది?"

ఖమ్‌లూ పరంజా కాలు వదల్లేదు. "పెద్దల ముందు నోరు విప్పితే అన్నీ చెప్పాలి. ఒకటి చెప్పి ఒకటి దాస్తే ఊరుకుంటారా? వాళ్ళని అడక్కుండా ఇంటి చెక్క తీశాను. ఆ మాట చెబితే చెక్క తిరిగిమ్మంటారు. లేకపోతే దాని మీద పడుకున్నవాళ్ళ మీద పడతారు. దాని మీద పడుకునేది ఫాయ్." అతను పెద్దల అర మూలకేసి చూశాడు. "నేను నోరు మూసుకుంటే నా మీదే ఉంటుంది కదా అని. ఏటేటా ఆ మూల నిలబడి లోపల్లోపలే దణ్ణం పెట్టుకునేవాణ్ణి, నన్ను చూసుకోండి, పిల్లని వదిలెయ్యండని."

బువాచన్‌కి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఇంత పిరికివాణ్ణి, ఇంత మొండివాణ్ణి ఆమె ఎక్కడా చూడలేదు. రాయిలాంటి మనసనుకుని పంతొమ్మిదేళ్ళు ఆ మనిషి పక్కన పడుకుంది.

"పెద్దలంటే ఎవరయ్యా? ఆ పలకలు చిత్రిక పట్టిన మా నాన్న ఉన్నాడా లేడా అందులో? తన మునిమనవరాలు తన చెక్క మీద పడుకుంటే లేవగొట్టి పలకలు లాక్కుంటాడా? మా నాన్న గురించి అదేనా నీకు తెలిసింది?"

ఖమ్‌లూ చొక్కా చేతితో ముక్కు తుడుచుకున్నాడు.

"నన్ను దింపండి ముందు," అంది బువాచన్. "ఎక్కేటప్పుడు కోపంలో ఎక్కాను. ఇప్పుడు కాళ్ళు వణుకుతున్నాయి."

ఒక చెయ్యి మొగుడు, ఒక చెయ్యి అల్లుడు పట్టుకుని దింపారు. దిగాక ఆమె తిన్నగా మెట్ల దగ్గరికి వెళ్ళింది. పికున్ తొట్టి గట్టు మీద కూర్చుని ఉంది. బొటనవేలితో గట్టు అంచుని మెల్లగా రుద్దుతోంది, అక్కడ లేని గీతని తడుముతున్నట్టు.

"నెల రోజులు పురిట్లో ఆ గీత పట్టుకునే నిద్రపోయానమ్మా," అంది తల ఎత్తకుండా. "ఎవడో వడ్రంగికి పని రాదనుకున్నాను."

ఆ సాయంత్రమే రెండు కోళ్ళు ఉడికాయి, తప్పుకి ఒకటి చొప్పున. ఫాయ్ సైకిల్ మీద పూలు తెచ్చింది. పికున్, ఫాయ్ మెట్ల కిందే నిలబడ్డారు. హాల్లో పెద్దల అర ముందు ఖమ్‌లూ మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు జోడించి, పెద్ద గొంతుతో చెప్పాడు. పిల్ల మీకు చెప్పకుండా వెళ్ళింది, తప్పయింది. నేను మీకు చెప్పకుండా ఎనిమిది పలకలు తీశాను, తప్పయింది. రెండూ కడుపు తీపి వల్లే జరిగాయి, కాయండి.

తర్వాత పళ్ళెంలో బియ్యం చిటికెడు తీసి లెక్కపెట్టారు. జతలుగా తేలితే పెద్దలు ఒప్పుకున్నట్టు. ఒక గింజ మిగిలింది.

ఖమ్‌లూ మొహం పాలిపోయింది. మళ్ళీ దణ్ణం పెట్టి మళ్ళీ తీశాడు. మళ్ళీ ఒకటి మిగిలింది.

"ఇంకేమన్నా దాచావా?" అంది బువాచన్.

"ఒట్టు, ఏమీ లేదు."

బువాచన్ ఆ ఒంటి గింజని చూస్తూ ఉండిపోయింది. ఆమెకి నెమ్మదిగా తెలిసింది. దాచింది ఆయన కాదు. ఆమె భర్తని జరిపి, ఆ స్థానంలో మోకరిల్లింది. చేతులు జోడించింది.

"నా తప్పు కూడా వినండి," అంది. "ఈయన మొండివాడని పంతొమ్మిదేళ్ళు ఊరంతా చెప్పుకున్నాను. అమ్మ వద్దంది కదా అని నేను చేతులు ముడుచుకుని కూర్చున్నాను. నా బిడ్డ పురిట్లో ఉంటే వీధి చివరిదాకా కూడా వెళ్ళలేదు. ఈయన నెత్తిమీది కప్పు తీసి పంపించాడు. నేను గుప్పెడన్నం పంపించలేదు. ఇల్లు నాది, బుట్ట నాది, అన్నం నాది. అయినా పంపించలేదు. తప్పు నాదే అమ్మా, నాన్నా."

చిటికెడు బియ్యం తీసి ఖమ్‌లూ చేతిలో పోసింది. అతను ఒక్కో జత పక్కకి జరుపుతూ లెక్కపెట్టాడు. చివరి రెండు గింజలు జతగా మిగిలాయి.

మెట్ల కింద తొట్టి దగ్గర నీళ్ళ చప్పుడైంది. పికున్ కాళ్ళు కడుక్కుంది, కూతురి కాళ్ళు కూడా తనే కడిగింది. మెట్లు ఎక్కి వచ్చి గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, పైకి చూసింది. తేనె రంగు పలకలు హాలంతా పరుచుకుని ఉన్నాయి. మూల ఇంకా నీలం ఉంది.

"ఆ మూల రేపు పూర్తి చేస్తాను," అన్నాడు మానిత్. "మామిడికి కాస్త రంగు కలిపి నూనె పట్టిస్తే టేకులో కలిసిపోతుంది. ఎవరికీ తెలీదు."

"కలపొద్దు," అంది బువాచన్ కళ్ళు తుడుచుకుంటూ. "తెలియనీ."

ఖమ్‌లూ గొంతు సవరించుకున్నాడు. మామూలుగా అనాలనుకున్నాడు గానీ అంత మామూలుగా రాలేదు. "పురుగు మందు పట్టించి వెయ్యి, అల్లుడూ," అన్నాడు. "మామిడి అది."

పికున్ వచ్చి తల్లి పక్కన కూలబడి, ఆమె చెంపలు రెండు చేతుల్లోకి తీసుకుంది. "గుప్పెడన్నం పంపలేదన్నావుగా," అంది. ఆమె కళ్ళూ నిండి ఉన్నాయి. "ఇప్పుడు పెట్టమ్మా. మధ్యాహ్నంనుంచి ఏమీ తినలేదు, ఆకలేస్తోంది."

బువాచన్ వెదురు బుట్ట దగ్గరికి లాక్కుంది. మూత తీసి, అన్నం ముద్ద చేసి, పొద్దుటి పచ్చడిలో అద్దింది. అలవాటు కొద్దీ ముందు ఒకసారి పైకి చూసింది. ఏమీ రాలలేదు. ముద్దని కూతురి నోట్లో పెట్టింది.